యాభయ్యో మైలు

ఆ పెట్టె నాకు ఫిబ్రవరిలో కనిపించింది. బాత్‌రూంలో బల్బు మాడిపోతే కొత్తదాని కోసం హాల్లో అల్మరా తెరిచాను. వేలాడుతున్న బట్టల వెనక, ఇస్త్రీబల్లకు ఆనుకుని వెర్లీన్ నీలం సూట్‌కేసు నిలబడి ఉంది. అడ్డంగా ఉందని పక్కకు జరపబోయాను. బరువుగా ఉంది. ఖాళీదేదో నిండినదేదో చెయ్యి వేస్తే తెలిసిపోయే వృత్తి నాది. ఆ పెట్టె నిండా ఉంది.

బల్బు తీసుకుని తలుపు మూసేశాను.

"అంతసేపు ఏం చేస్తున్నావు?" అంది నా భార్య వెర్లీన్ వంటింట్లోంచి.

"బల్బు దొరకలేదు," అన్నాను.

అబద్ధం చెప్పానని కూడా అప్పుడు తోచలేదు. పద్నాలుగేళ్ళుగా లారీకి డబ్బా ట్రెయిలర్ తగిలించి లాగుతున్నవాణ్ణి. నాలుగు గోడలు, కప్పు, వెనక రెండు తలుపులు. నేను వెళ్ళేసరికి సరుకు ఎక్కించి, తలుపులు వేసి సీలు బిగిస్తారు. సీలు మీది నంబరు రాసుకుని బయల్దేరడమే నా వంతు. లోపల ఉన్నవి సబ్బులో, పిల్లల బొమ్మలో, కుక్కల బిస్కట్లో కాగితంలో ఉంటుంది గానీ కంటితో చూసింది లేదు. దారిలో ఆగి సరుకు ఎలా ఉందో చూడాలన్న నిబంధన కూడా సీలు వేసిన బండికి వర్తించదు. తెరవకపోవడమే ఉద్యోగం. ఇంతకన్నా నిశ్చింత ఏముంటుంది అనుకునేవాణ్ణి. ఆ నిశ్చింతను ఎప్పటినుంచి ఇంటికి కూడా మోసుకొస్తున్నానో నాకు తెలియదు. వెర్లీన్‌కి తెలిసి ఉంటుంది.

ఆ బుధవారం మెంఫిస్ బయట ఒక గోడౌను ముందు ఏడు గంటలు కూర్చున్నాను. డబ్బా డ్రైవరు బతుకులో సగం ఇలా కూర్చోవడమే. పిలుపు వచ్చేదాకా బండి దిగకూడదు. మామూలుగా ఆ గంటలు నాకు గడిచినట్టే తెలిసేవి కావు. ఆరోజు మాత్రం ఒక్కొక్క నిమిషమూ తెలిసింది. వింత ఏమిటంటే, ఆమె నన్ను వదిలి ఎందుకు వెళ్తుందని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ఎప్పుడు వెళ్తుందనే లెక్క కట్టాను. వెర్లీన్ బడిలో వంట చేస్తుంది. బడికి సెలవులిచ్చేది మే నెలాఖరులో. పిల్లల భోజనాలు మధ్యలో వదిలేసిపోయే మనిషి కాదు. మొబైల్ అనే ఊళ్ళో వాళ్ళక్క లూలా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అంటే మే నెలాఖరు. నాకు మూడు నెలలున్నాయి.

ఆ మూడు నెలల్లో ఆమెను ఒక్క మాట అడగవచ్చు. లేదా ఉద్యోగం మార్చవచ్చు. నాకు రెండోదే తేలికనిపించింది.

"ఫ్లాట్‌బెడ్డా?" అంది వెర్లీన్, కుళాయి కింద గిన్నె పట్టుకుని. "నలభై ఆరేళ్ళొచ్చాయి థర్మన్. చర్చి మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టుకుంటావు. ఇనపసామాన్ల మీదికెక్కి గంతులేస్తావా?"

"గోడలు లేవంతే. అదీ ట్రెయిలరే. ఇక్కడే, బెస్సెమర్‌లో. శుక్రవారం శుక్రవారం ఇంటికి రావచ్చు."

ఆమె కుళాయి కట్టేసింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి? ఇంటికి."

"పద్నాలుగేళ్ళయింది. దారి గుర్తుందా?" అంది. నవ్వలేదు. కుళాయి మళ్ళీ తిప్పింది.

*

బెస్సెమర్‌లో ఆ యార్డు మిస్ ఒజెల్లా టేట్‌ది. భర్త పోయాక పద్దెనిమిది బళ్ళూ ఆవిడే నడుపుతోంది. అరవై దాటిన మనిషి, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. మొదటిరోజే చెప్పింది: "అరవై రోజులు చూస్తాను. ఈ అరవై రోజుల్లో నా సరుకేదైనా రోడ్డు మీద పడిందా, బండి తిరిగి తీసుకురావాల్సిన శ్రమ నీకుండదు. ఎవరినైనా పంపి నేనే తెప్పించుకుంటాను."

నాకు పని నేర్పిన ఆయన మిస్టర్ క్లీవన్. ఎండుకట్టెలా ఉంటాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఉక్కూ కలపా మోశాడు. ఎప్పుడు చూసినా జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ప్యాంటు మీద తడి మచ్చ.

"డబ్బావాడివా?" అన్నాడు నన్ను చూడగానే.

"అవునండీ."

"అయితే నీ మెడ పనిచెయ్యదు. వెనక్కి తిరిగి చూడ్డం దానికి రాదు. ముందు దానికి నూనె పెట్టాలి."

ఫ్లాట్‌బెడ్ అంటే చక్రాల మీద ఒక పొడుగాటి బల్ల. సరుకును దానిమీద పెట్టి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆపైన అది నీదే. నాలుగంగుళాల వెడల్పు పట్టీలు చుట్టచుట్టి సరుకు మీదుగా అవతలికి విసరాలి. అవతలికి వెళ్ళి కొక్కెం తగిలించాలి. ఇవతలికి వచ్చి, పట్టీ చుట్టుకునే చక్రంలో ఇనపకడ్డీ దూర్చి బిగించాలి. కలప అంచులకు పట్టీ కోసుకోకుండా ప్లాస్టిక్ మూలలు పెట్టాలి. గాలికి పట్టీ కొట్టుకోకుండా దానికొక మెలిక వెయ్యాలి. నా మొదటి విసురు పక్కబండి అద్దానికి తగిలింది. రెండోది నా నెత్తినే పడింది. నాలుగోరోజుకు అవతల పడింది గానీ కొస నా చేతిలో లేదు, అదీ దాంతోపాటే వెళ్ళిపోయింది.

"శభాష్. సరుకుతో సహా అన్నీ అవతలికి విసిరేయి, పీడా పోతుంది," అన్నాడు మిస్టర్ క్లీవన్ కాయ ఒలుచుకుంటూ.

అంతా బిగించాక చివర్న ఒక పని ఉంటుంది. ఈ దేశంలో బల్లమీద సరుకు కట్టే ప్రతి మనిషీ చేసే పనే అది. పట్టీ మీద అరచేత్తో ఒక్కటి చరిచి, "ఇది ఎక్కడికీ పోదు," అనాలి. అనకుండా కదిలిన డ్రైవరును నేను చూడలేదు. నేనూ చరిచాను. అన్నాను.

"అను. తప్పులేదు," అన్నాడాయన. "కానీ నమ్మకు. అది పోతుంది అబ్బాయ్. కలప సర్దుకుంటుంది, పట్టీ సాగుతుంది, రోడ్డు కుదుపుతుంది. కట్టినప్పుడు బిగువుగానే ఉంటుంది, ఎవడు కట్టినా. యాభై మైళ్ళు పోకముందే ఆగు. దిగు. చుట్టూ తిరుగు. కంటితో కాదు, చేత్తో చూడు. ఆ తర్వాత మూడు గంటలకోసారి. ఎందుకు ఆగానని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, ఎందుకు ఆగలేదో మాత్రం చెప్పుకోవాలి."

పనిముట్ల షెడ్డు వెనక గోడకు తెగిన పట్టీలు మేకులకు వేలాడుతుండేవి. పాతికో ముప్ఫయ్యో ఉంటాయి. సగం కోసుకుపోయినవి, పీచులు లేచినవి. ఒక్కొక్కదాని మీద నల్లరంగుతో ఏదో పేరు. దూరం నుంచి చదవలేకపోయాను. దగ్గరికెళ్ళి చదవబుద్ధి కాలేదు. ఉద్యోగం ఊడినవాళ్ళని నాకు నేనే తేల్చేసుకున్నాను.

"అవెవరివి?" అన్నాను ఒకసారి, అడగనట్టుగా.

"మిస్ ఒజెల్లానడుగు. అడిగే నోరుంటే," అన్నాడు మిస్టర్ క్లీవన్.

నేను అడగలేదు.

*

ఏప్రిల్ నెలాఖరుకి నా చేతులు మారిపోయాయి. అరచేతులు కాయలు కాసి, భుజాలు బండరాళ్ళయ్యాయి. శుక్రవారం ఇల్లు చేరేసరికి స్పూను ఎత్తడం కూడా కష్టంగా ఉండేది. వెర్లీన్ నన్ను వంటింటి కుర్చీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి భుజాలకు మందు రాసేది. కర్పూరం వాసన, పొయ్యిమీద మొక్కజొన్న రొట్టె వాసన కలిసిపోయేవి.

"ఇదేమిటిది, కాలరు ఎముక పక్కన?"

"టార్పాలిన్ భుజాన వేసుకుంటాం. యాభై కిలోలుంటుంది."

"ఎవరో కొట్టినట్టుంది," అనేది. బొటనవేలితో ఆ మచ్చ చుట్టూ నెమ్మదిగా తిప్పేది. ఆ వేలు కాసేపు అక్కడే ఆగేది. మేమిద్దరం అప్పుడు ఏదో మాట్లాడబోతున్నామని నాకు అనిపించేది. ఆ ఏదో మాట్లాడాల్సింది ఆమే అని కూడా అనిపించేది. ఆమె వేలు తీసేసేది.

ఆమె స్నానానికి వెళ్ళగానే నేను అల్మరా దగ్గరికి వెళ్ళేవాణ్ణి. తలుపు తెరిచి, సూట్‌కేసును పిడి పట్టుకుని రెండంగుళాలు లేపేవాణ్ణి. అదే బరువు. కింద పెట్టి తలుపు మూసేవాణ్ణి. ఉంది, ఇంకా ఉంది, ఉన్నచోటే ఉంది. గుండెల మీద నుంచి ఏదో దిగిపోయేది. ఆ ఊరట శనివారం మధ్యాహ్నం దాకా నిలిచేది. ఆ తర్వాత సిగ్గేసేది. ఆమె వెళ్ళలేదని నాకు తెలుస్తోంది ఆమె వల్ల కాదు, పెట్టె బరువు వల్ల. ఈ మాట నాకు నేనే చెప్పుకోవడానికి నెల పట్టింది.

*

మే మూడోవారంలో, నా అరవై రోజులు ఇంకా పదకొండు ఉండగా, బ్రూటన్ దగ్గర ఒక మిల్లులో కలప ఎక్కించుకున్నాను. చట్టనూగా వెళ్ళాలి. అప్పటికి మూడువారాలుగా ఒంటరిగానే తిరుగుతున్నాను. పట్టీలు విసిరాను, బిగించాను, చరిచాను. "ఇది ఎక్కడికీ పోదు." ఫోర్క్‌లిఫ్ట్ మీది మనిషి సరేనన్నట్టు బొటనవేలు చూపించాడు.

తెల్లారి కురిసిన వాన వెలిసింది. రోడ్డుపక్క పైన్ చెట్ల మీంచి ఆవిరి లేస్తోంది. నా వెనక తెల్లటి చర్చి వ్యాను ఒకటి చాలాసేపు వచ్చింది. కుడి అద్దంలో, ఎడమ అద్దంలో అదే. తొందరేమీ లేనట్టు నా వెనకే, ఓ ఇరవై మైళ్ళు. తర్వాత పక్కకొచ్చి దాటింది. లోపలంతా టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. కిటికీ దగ్గర పసుప్పచ్చ టోపీ ముసలావిడ పిడికిలి పైకెత్తి కిందికి లాగింది, హారన్ కొట్టమని. కొట్టాను. వాళ్ళంతా నోళ్ళు తెరిచి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే పెట్టె గుర్తొచ్చింది. బడికి ఇంక పదిరోజులే. ఆ తర్వాత ఏ శుక్రవారం నేను పిడి పట్టుకుని లేపబోతే అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు? ఆ గాలి బరువెంతో ఊహించుకుంటూ నడిపాను. జార్జియానా దాటింది. గ్రీన్‌విల్ దాటింది. డబ్బావాడి మెడ తిన్నగా ముందుకే చూసింది.

మాంట్‌గొమరీ దాటాక కాఫీ కోసం ఒక పెట్రోలు బంకులో దిగాను. బండి పక్కగా నడుస్తూ, అలవాటుగా మొదటి పట్టీ మీద చెయ్యి వేశాను. బాగానే ఉంది. రెండోది బాగానే ఉంది. మూడోది బట్టలారేసే తాడులా వంగింది. నాలుగోది చూశాను. దాని అడుగున పెట్టిన ప్లాస్టిక్ మూల ఎక్కడో పడిపోయింది. కలపకట్టకు చుట్టిన ఇనపబద్దీ పట్టీని సగానికి పైగా కోసేసింది. పైవరస కట్ట బయటికి బెత్తెడు జరిగి ఉంది.

మీటరు చూశాను. నూటపదిహేను మైళ్ళు.

బండి మెట్టు మీద కూర్చున్నాను. ఏ ప్రమాదమూ నా కళ్ళముందుకు రాలేదు. పసుప్పచ్చ టోపీ ఒక్కటే వచ్చింది. ఆ పిడికిలి. ఇరవై మైళ్ళు ఆవిడ సరిగ్గా ఆ కట్ట వెనకే కూర్చుని, బహుశా ఊరి కబుర్లు చెప్పుకుంటూ వచ్చింది. ఏమీ జరగలేదు. ఆ సంగతి ఒంటికి చేరడానికి చాలాసేపు పట్టింది. చేరాక చొక్కా అంతా తడిసి ఉంది.

లేచి, రెండు కొత్త పట్టీలు విసిరాను. అన్నీ మళ్ళీ బిగించాను. కట్ట బెత్తెడు జరిగినా బల్ల అంచు దాటలేదు. ఇప్పుడు ఎవరు చూసినా తప్పుపట్టడానికేం లేదు. ఎవరూ చూడనూలేదు. కోసుకుపోయిన పట్టీని చుట్టచుట్టి బంకు ముందున్న చెత్తడబ్బాలో వేశాను. మూత దానంతటదే పడింది. లోపలికెళ్ళి కాఫీ తీసుకున్నాను. కౌంటరు వెనక అమ్మాయి, "రోజు బాగుందాండీ?" అంది.

"బాగుంది," అన్నాను.

బయటికొచ్చి చెత్తడబ్బా పక్కనుంచి నడిచాను. బండి దాకా వెళ్ళాను. తలుపు తెరిచి కాఫీ లోపల పెట్టాను. తర్వాత వెనక్కి వచ్చి మూత ఎత్తి, ఎవరో పారేసిన టొమాటో సాసు అంటిన ఆ పట్టీని బయటికి తీశాను. చట్టనూగా దాకా అది నా పక్క సీట్లోనే కూర్చుంది. నలభై మైళ్ళకోసారి ఆగాను. అవసరం లేనప్పుడు కూడా.

*

రెండు రోజుల తర్వాత యార్డుకు చేరి, పట్టీని మిస్ ఒజెల్లా బల్లమీద పెట్టాను.

"ఏమిటది?"

"పట్టీ అండీ."

"కళ్ళున్నాయి నాకు. ఏమిటది?"

"యాభై మైళ్ళ దగ్గర ఆగలేదు. నూటపదిహేను దాకా చూడలేదు."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"సరుకు?"

"అందింది. వాళ్ళకేం తెలియదు."

"ఎందుకు ఆగలేదు?"

"ఆలోచిస్తున్నానండీ. ఇంట్లో ఒక పెట్టె ఉంది. దాని గురించి."

ఆవిడ పట్టీని నావైపు నెట్టింది. "అది నా సరుకు కాదు. దాని సంగతి ఇక్కడెవరికీ చెప్పకు, చెప్పాల్సినవాళ్ళకు చెప్పుకో." సొరుగు లాగి నల్లరంగు పెన్నూ ఒక మేకూ తీసి నా ముందు పెట్టింది. "పేరు రాయి. పెద్ద అక్షరాల్లో. నాకు దూరపు చూపు తక్కువ."

నేను పెన్ను తీసుకోలేదు. "తీసేస్తున్నారా?"

"తీసేసినవాళ్ళకు నా మేకు దండగ చేస్తానా? ఇతరులకు దొరికిపోయాక వచ్చి ఏడ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళల్లో ఒక్కడూ ఆ గోడమీద లేడు. గోడమీద ఉన్నవాళ్ళంతా తమంతట తాము తెచ్చిచ్చినవాళ్ళే." పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టింది. "ఇకమీద నెలరోజులు యాభై మైళ్ళు పోకముందే ఆగి నాకు ఫోన్ చెయ్యి. చర్చిలో ఉన్నా ఎత్తుతాను. పాట మధ్యలో లేపావో, నీ అంతు చూస్తాను."

షెడ్డు వెనక మొదటిసారి ఆ గోడ దగ్గరికి వెళ్ళి పేర్లు చదివాను. మిస్టర్ క్లీవన్‌వి మూడున్నాయి. ఒకదాని రంగు పూర్తిగా వెలిసిపోయింది.

"మూడా?" అన్నాను.

"మొదటి ఏడాదివే," అన్నాడాయన, మేకు పట్టుకోవడానికి వచ్చి. "నాలుగోది వెతక్కు, లేదు. మేకు తిన్నగా కొట్టు. వేలు నాది."

*

మే చివరి శుక్రవారం. ఆ మధ్యాహ్నమే బడి మూసేశారు. నేను వెళ్ళేసరికి వెర్లీన్ తన కత్తులూ ఏప్రన్లూ ఉన్న అట్టపెట్టె వంటింట్లో కింద పెట్టి, బల్ల దగ్గర చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఫ్యాను తిరుగుతున్నా చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క. నేను ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాను. పట్టీ సంగతి మొత్తం చెప్పాను. పసుప్పచ్చ టోపీ దగ్గర ఆమె చెయ్యి నోటికి పోయింది. చెత్తడబ్బా దగ్గర నావంక చూసింది. నేను ఆమెకు ఒకేసారి అన్ని మాటలు చెప్పి ఎన్నేళ్ళయిందో.

"దారిలో ఏం ఆలోచిస్తున్నావు, అంత ఒళ్ళు మరిచిపోయి?" అంది.

"హాల్లో అల్మరాలో నీ నీలం సూట్‌కేసుంది. అందులో ఏముంది వెర్లీన్?"

చిక్కుడుగింజ ఒకటి ఆమె వేళ్ళలోంచి జారి బల్లమీద దొర్లింది.

"ఎప్పుడు చూశావు?"

"ఫిబ్రవరిలో."

"ఇది మే నెల."

"తెలుసు. వారంవారం ఎత్తి చూస్తున్నాను."

"నాకు తెలియదనుకున్నావా? ఆ తలుపు కిర్రుమంటుంది. నేను స్నానాల గదిలో నీళ్ళు కట్టేసి వినేదాన్ని. ఇవాళ అడుగుతాడు, ఇవాళ అడుగుతాడు అనుకునేదాన్ని. నువ్వేమో దాన్ని తూకం వేసి మూసేసేవాడివి." లేచి వెళ్ళి సూట్‌కేసు తెచ్చి, చిక్కుళ్ళ పక్కన బల్లమీద ధబ్బున పెట్టింది. "తెరువు."

జిప్పు లాగి తెరిచాను. మట్టిరంగు ఉన్నికోటు. రెండు స్వెట్టర్లు. మందపాటి మేజోళ్ళు, మఫ్లరు, గొర్రెతోలు చెప్పులు. పైన కలరా ఉండలు. ఆ వేడిలో వాటి మధ్య చెయ్యి పెడితేనే చెమట పట్టింది. కోటు ఎత్తి, అడుగున ఇంకేమైనా ఉందేమోనని చూశాను.

"ఇంకా అర్థం కాలేదా నీకు?" అంది వెర్లీన్. "మొబైల్‌లో ఈ ఎండల్లో ఉన్నికోటు వేసుకుని తిరుగుతానా? సర్దినరోజు వెళ్దామనే సర్దాను. లూలాకు చెప్పాను కూడా. తర్వాతి వారం నువ్వొచ్చి శుక్రవారాలన్నావు. సరే చూద్దామనుకున్నాను. ఎండలొచ్చాయి. వెళ్ళేదాన్నయితే బట్టలు మార్చేదాన్ని కదా."

"మరి పెట్టె ఖాళీ చెయ్యలేదేం?"

"నువ్వడగాలని."

బయట ఎవరో గడ్డి కోసే యంత్రం ఆపారు. నేను నవ్వానో ఏడ్చానో ఇప్పుడు చెప్పలేను. ఆమె మాత్రం ఏప్రన్ అంచుతో నా ముఖం గట్టిగా తుడిచింది, బడిలో ఏ పిల్లాడికో తుడిచినట్టు. తర్వాత ఇద్దరం కోటు దులిపి హాంగరుకు తగిలించాం. స్వెట్టర్లు సొరుగులో పెట్టింది. ఖాళీ సూట్‌కేసును అల్మరా పైఅరలో, వెనక్కి నెట్టి పెట్టాను. నా చెయ్యి దానంతటదే లేచి, దాన్ని ఒక్కటి చరిచింది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమిటీ?" అంది వెనకనుంచి.

"ఏం లేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ చూస్తాను."

"చూడు," అంది వెర్లీన్. "చూసి ఊరుకోకు. అడుగు."